స్కాన్‌లో రాళ్లు లేవన్నారు.. మరి పాంక్రియాటైటిస్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. నెల రోజుల క్రితం రాత్రి భోజనమైన గంటకు పైపొట్టలో భరించలేని నొప్పి మొదలై వీపులోకి పాకింది, వాంతులయ్యాయి. ఆసుపత్రిలో పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) అని చెప్పారు. అప్పుడు రక్తంలో లైపేజ్ (క్లోమం ఎంజైమ్) 2,100, ఎస్‌జీపీటీ (కాలేయం ఎంజైమ్) 310 ఉన్నాయి. నాలుగో రోజుకు ఎస్‌జీపీటీ 85కు దిగింది. అల్ట్రాసౌండ్‌లోనూ, సీటీ స్కాన్‌లోనూ రాళ్లు కనిపించలేదు. మద్యం అలవాటు లేదు, రోజూ వాడే మందులేవీ లేవు. ట్రైగ్లిజరైడ్లు, కాల్షియం మామూలుగానే ఉన్నాయి. కారణం తెలియదని ఇంటికి పంపారు. మరో డాక్టర్ మాత్రం ఇది పిత్తాశయంలోని రాళ్ల పనే అంటున్నారు. కనిపించని రాళ్లను ఎలా నమ్మాలి?
- ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: మీ సందేహం సహజమైనదే గానీ, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే నేనూ ఆ రెండో డాక్టర్ వైపే మొగ్గుతాను. అందుకు ప్రధాన కారణం మీ ఎస్‌జీపీటీ. పాంక్రియాటైటిస్ మొదలైన తొలి రెండు రోజుల్లో ఇది 150 దాటితే, కాలేయ జబ్బు, మద్యం వంటి ఇతర కారణాలు లేనప్పుడు, రాళ్లనే గట్టిగా అనుమానించాలి. మీ విషయంలో అది 310కి ఎగబాకి, నాలుగు రోజుల్లోనే 85కు పడిపోయింది. ఒక చిన్న రాయి పిత్తనాళంలోకి జారి, కాసేపు దారి మూసి, ఆ తరువాత పేగులోకి వెళ్లిపోయినప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

పిత్తనాళమూ, క్లోమనాళమూ చాలామందిలో చివర ఒకటిగా కలిసి చిన్నపేగులోకి తెరుచుకుంటాయి. ఆ ద్వారం దగ్గర రాయి ఇరుక్కుని ఉండటాన్ని 1901లోనే బాల్టిమోర్‌లో యూజీన్ ఓపీ అనే వైద్యుడు శవపరీక్షలో గుర్తించారు. అయితే చాలామందిలో రాయి అక్కడే ఉండిపోదు. 1974లో అర్జెంటీనా వైద్యులు రాళ్ల వల్ల పాంక్రియాటైటిస్ వచ్చిన 36 మంది మలాన్ని జల్లించి చూడగా, 34 మందిలో రాళ్లు దొరికాయి. (ఆ పని చేసిన వారి ఓపికకు దండం పెట్టాలి.) అంటే స్కాన్ చేసే సమయానికి నేరస్థుడు అక్కడి నుంచి జారుకుని ఉండవచ్చు.

పిత్తాశయంలో మిగిలినవైనా కనిపించాలి కదా అంటారేమో. మామూలు రోజుల్లో అల్ట్రాసౌండ్ వాటిని చక్కగానే పట్టుకుంటుంది. కానీ క్లోమం వాచినప్పుడు పేగుల కదలిక మందగించి పొట్టంతా గ్యాస్‌తో నిండుతుంది, ఆ గ్యాస్ అల్ట్రాసౌండ్ తరంగాలకు అడ్డుపడుతుంది. పైగా పాంక్రియాటైటిస్ తెచ్చేవి తరచు 5 మిల్లీమీటర్ల లోపు చిన్న రాళ్లే. పెద్దవి పిత్తాశయం దాటి అంత తేలికగా బయటికి రావు. కొన్నిసార్లు రాయి కూడా ఉండదు, బురదలాంటి చిక్కని పిత్తం మాత్రమే ఉంటుంది. ఇక సీటీ క్లోమం ఎంత దెబ్బతిన్నదో చూడటానికి మంచిదే కానీ, కొలెస్ట్రాల్ రాళ్లు అందులో పిత్తరసంలో కలిసిపోయినట్లే కనిపిస్తాయి. కాబట్టి సీటీలో రాళ్లు లేవన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

నొప్పి తగ్గి దాదాపు నెల కావస్తోంది కనుక, ముందుగా ఖాళీ కడుపుతో అల్ట్రాసౌండ్ మళ్లీ చేయించుకోండి. ఈసారి రాళ్లు బయటపడినా ఆశ్చర్యం లేదు. అందులోనూ ఏమీ లేకపోతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించాలి. మత్తు ఇచ్చి, నోటి ద్వారా సన్నని గొట్టాన్ని చిన్నపేగు మొదటి భాగం దాకా పంపి, పిత్తాశయాన్నీ నాళాలనూ అతి దగ్గర నుంచి చూస్తారు కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల రాళ్లూ దొరుకుతాయి. మీ వయసు 40 దాటింది కాబట్టి క్లోమంలో గడ్డలేవీ లేవని నిర్ధారించుకోవడానికీ ఇదే పరీక్ష పనికొస్తుంది. ఎంఆర్‌సీపీ (ఎంఆర్‌ఐ యంత్రంతో పిత్తనాళాలను చూడటం) సూదీ గొట్టమూ అక్కరలేని పరీక్షే గానీ మరీ చిన్న రాళ్లను వదిలేయవచ్చు. కేవలం కారణం తెలుసుకోవడానికి ఈఆర్‌సీపీకి మాత్రం ఒప్పుకోవద్దు. అది నాళంలో ఇరుక్కున్న రాయిని తీయడానికి ఉపయోగపడే ప్రక్రియ, దానివల్లే కొందరికి పాంక్రియాటైటిస్ వస్తుంది.

రాళ్లో, బురదో ఉన్నట్లు తేలితే పిత్తాశయాన్ని ల్యాప్రోస్కోపీ ద్వారా తీయించుకోవాలి, ఆలస్యం చేయకూడదు. 2015లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, తీవ్రత లేని పాంక్రియాటైటిస్ వచ్చినవారికి ఆపరేషన్‌ను కొన్ని వారాలు వాయిదా వేస్తే 17 శాతం మంది రాళ్ల సమస్యతో మళ్లీ ఆసుపత్రి పాలయ్యారు లేదా మరణించారు. ఆసుపత్రిలో ఉండగానే చేసినవారిలో అది 5 శాతం. కొండపిండి ఆకు తింటే కరుగుతాయని, నీళ్లు బాగా తాగితే పోతాయని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ సలహాలు మూత్రపిండాల్లో రాళ్ల గురించి వినిపించేవి, పిత్తాశయానికి ఆ దారే లేదు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లోనూ ఏమీ కనిపించకపోతే, మీ ఎస్‌జీపీటీ నివేదికలను సర్జన్‌కు చూపించి, పిత్తాశయం తీయడం మంచిదేమో చర్చించండి. మొదటి రోజు, నాలుగో రోజు వచ్చిన ఆ కాగితాలు పారేయకండి.

ఈలోగా నొప్పి మళ్లీ వస్తే, ముఖ్యంగా చలిజ్వరం గానీ, కళ్లు పచ్చబడటం గానీ తోడైతే, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, మొదటి రక్తపరీక్షలోనే లైపేజ్‌తోపాటు ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ కూడా చూడమని అడగండి.