ఇటలీలో జనం పెద్దగా వెళ్ళని ఊళ్ళలో చూడదగ్గది ఏది?

రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ అయిపోయాక ఇంకెక్కడికని అడిగారు కదా, గుబ్బియో వెళ్ళండి. మధ్య ఇటలీలోని ఊంబ్రియా ప్రాంతంలో కొండవాలున కట్టిన రాతి ఊరు. పునీత ఫ్రాన్సిస్ తోడేలును మచ్చిక చేసుకున్నాడని చెప్పుకునేది ఇక్కడే. ఆయన పుట్టిన ఊరు అస్సీసీ దాకా వచ్చి ఇటు తొంగి చూడకుండా పోయే ప్యాకేజీ టూర్లను చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఊళ్ళోకి రైలు లేదు. రోమ్–అంకోనా లైన్లో ఫొస్సాతో ది వీకోలో దిగాలి. స్టేషన్ పేరులో గుబ్బియో అని కూడా ఉంటుంది గానీ ఊరు ఇంకా 20 కిలోమీటర్లు, బస్సులో పోవాలి. ఆదివారాలు బస్సులు బాగా తక్కువ. తిరుగు బస్సు టైము చూసుకున్నాకే రైలు టికెట్ కొనండి.

ముందు మోంటే ఇంజినో కొండకి రోప్‌వే ఎక్కండి. అద్దాల గది అనుకునేరు! ఇద్దరు నిలబడేంత ఇనప పంజరం, అంతే. ఎక్కేటప్పుడు కూడా ఆగదు. నేల మీద గుర్తులున్న చోట ఒకరి వెనక ఒకరు నిలబడాలి. పంజరం దగ్గరికి రాగానే మొదటివాళ్ళు చటుక్కున లోపలికి, వెంటనే రెండోవాళ్ళు, అక్కడుండే మనిషి తలుపు వేస్తాడు. వీపున పెద్ద బ్యాగుంటే తలుపు దగ్గర ఇరుక్కుంటారు, ముందే చేతిలోకి తీసుకోండి. గాలి జోరుగా ఉంటే ఆపేస్తారు, ఇక కాలినడకే.

పైన సాంట్ ఉబాల్డో బసిలికాలో (పెద్ద చర్చి) మూడు పెద్ద చెక్క స్తంభాలుంటాయి, ఒక్కోటి 300 కిలోల దరిదాపు. వాటి మీద ఉబాల్డో, జార్జియో, ఆంతోనియో అనే పునీతుల బొమ్మలు నిలబెట్టి, మే 15న భుజాల మీద మోస్తూ ఊరంతా పరిగెత్తి ఈ కొండెక్కుతారు. ముందు ఎప్పుడూ ఉబాల్డోనే, దాటి వెళ్ళడం ఉండదు. మరి పోటీ ఏమిటంటే, స్తంభం ఒరగకూడదు, పడకూడదు. పైకి చేరాక ముందున్నవాళ్ళు బసిలికా తలుపు మూసేయాలని చూస్తారు, వెనకవాళ్ళు ఈలోగా లోపలికి దూరాలని చూస్తారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఆ రోజు వద్దంటాను. గది దొరకదు, సందుల్లో ఊపిరాడదు. మే మొదటి ఆదివారం ఆ స్తంభాలను కిందికి దించుతారు. పండగ అయ్యాక మళ్ళీ ఏడాదంతా పైనే ఉంటాయి, నింపాదిగా చూడొచ్చు.

కిందికొచ్చాక బర్జెల్లో ఫౌంటెన్ చుట్టూ మూడు చుట్లు పరిగెత్తితే ‘పిచ్చివాడి లైసెన్సు’ ఇస్తారు. ఊరివాళ్ళెవరైనా పక్కనుండి నీళ్ళు చల్లాలి, అదీ షరతు. ఉత్తినే కాగితం కొనుక్కుని ఫోటో దిగేవాళ్ళది నా లెక్కలో చెల్లదు.