లోన్ తీసి ఈ-సైకిల్ కొనాలా? తేలికదా, ఫుల్ పవర్‌దా?

ప్రశ్న: బెంగళూరు ఆర్‌టీ నగర్‌లో మూడో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు. జీతం చేతికి రూ.85,000. ఆదివారాలు నంది హిల్స్‌కి సైకిల్ మీద వెళ్లొస్తాను, రానూపోనూ 110 కి.మీ. ఎక్కేటప్పుడు మోకాలు లాగుతోంది. 17 కిలోల తేలిక ఈ-సైకిల్ రూ.2,80,000, 24 కిలోల ఫుల్ పవర్‌ది రూ.2,40,000 చెప్పారు. దగ్గర రూ.80,000 ఉంది. మిగతా రెండు లక్షలకు 14 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: లోన్ వద్దండి. మూడేళ్లకు ఈఎంఐ దాదాపు రూ.6,835 పడుతుంది, వడ్డీయే రూ.46,000 అవుతుంది. నెలకు రూ.12,000 ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో వేస్తే 16 నెలల్లో రెండు లక్షల దగ్గరికి వచ్చేస్తారు. ఆ 80,000 మీ అత్యవసర నిధే అయితే దాన్ని అస్సలు ముట్టుకోకండి. ఈలోపు మోకాలు డాక్టర్‌కి చూపించి, సీటు ఎత్తు సరిచేయించుకోండి.

ఇక ఏ రకం? మీ దారికి తేలికదే. మన దగ్గర రిజిస్ట్రేషన్ అక్కర్లేని సైకిల్‌కి మోటారు 250 వాట్లలోపు, సాయం గంటకు 25 కి.మీ. వరకే. దేవనహళ్లి రోడ్డు మీద మీరు 27లో తొక్కుతుంటే మోటారు ఆగిపోతుంది, అప్పుడు 24 కిలోలూ మీ కాళ్లమీదే. కొండ మీద మాత్రం బరువుకి జనం భయపడేంత లేదు: అదనపు 7 కిలోలను 550 మీటర్లు పైకి తీసుకెళ్లడానికి అయ్యేది సుమారు 10 వాట్-అవర్లే (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తిని కొలిచేది వీటితోనే). అసలు తేడా మెట్ల దగ్గర తెలుస్తుంది. 24 కిలోలంటే దాదాపు పాతిక కిలోల బియ్యం బస్తాను ప్రతి ఆదివారం మూడో అంతస్తుకి మోయడమే.

బ్యాటరీ లెక్క చూడండి. తేలికదానికి 360 వాట్-అవర్లు, కి.మీ.కి 5 ఖర్చయితే 72 కి.మీ. బాటిల్ స్టాండ్‌లో పెట్టే 160 వాట్-అవర్ల అదనపు బ్యాటరీతో 104. చదును రోడ్డులో మోటారు ఆపితే 110 దాటుతుంది. ఫుల్ పవర్‌ది కి.మీ.కి 10 తాగితే 750 వాట్-అవర్లకీ 75 కి.మీ.నే. అయితే మోకాలిపై భారం వేయొద్దని డాక్టర్ అంటే, లేదా 15 కిలోల సామానుతో టూర్లు వెళ్లాలనుకుంటే ఫుల్ పవర్‌దే తీసుకోండి. దాని మోటారుకున్న 85 న్యూటన్-మీటర్ల టార్క్ (తిప్పే బలం) అక్కడ నిజంగా పనికొస్తుంది. బీఆర్‌ఎం (గడువులోపు పూర్తి చేయాల్సిన 200 కి.మీ., ఆపై దూరాల సైకిల్ రైడ్లు) మెడల్ మీద ఆశ ఉంటే మాత్రం రెండూ వద్దు, ఆ రైడ్లలో మోటారు సాయం చెల్లదు.

ఛార్జింగ్‌కి నాలుగైదు రూపాయలు, దాన్ని లెక్కలోకే తీసుకోకండి. బడ్జెట్‌లో పెట్టాల్సింది కొత్త బ్యాటరీ ధర. దాన్ని డీలర్ చేత రాయించుకోండి. రూ.60,000 అన్నారనుకుంటే, ఐదేళ్లపాటు నెలకు రూ.1,000 పక్కన పెట్టాలి. మీలా వారానికోసారి తొక్కేవారి బ్యాటరీ వాడకం వల్ల కంటే వయసు వల్లే ముందు పోతుంది. కాబట్టి నిండా ఛార్జ్ చేసి వారాలపాటు వదిలేయకుండా సగం దగ్గర ఉంచండి. సున్నాలో నెలల తరబడి ఉంటే రక్షణ సర్క్యూట్ లాక్ అయిపోయి, మళ్లీ ఛార్జ్ ఎక్కకపోవచ్చు.

డబ్బు కట్టే ముందు రెండు సైకిళ్లనూ మోటారు ఆపి పది కి.మీ. తొక్కండి, ఆ తర్వాత ఒక్కోదాన్నీ మెట్లెక్కించి చూడండి.