కటాజోమే అంటే జపాన్ స్క్రీన్ ప్రింటింగేనా? ఇంట్లో మొదలుపెట్టొచ్చా?

జపాన్ అద్దకం కళాకారుడు సెరిజావా కెయిసుకే పనులు చూసి మీరు ఈ రెండు ప్రశ్నలూ అడిగారు. ఉద్యోగం మీద జపాన్‌లోని షిజువోకాలో ఉన్నప్పుడు సెలవు రోజుల్లో ఒక పెద్దావిడ దగ్గర ఈ పని నేర్చుకున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

స్క్రీన్ ప్రింటింగ్ కాదండీ. అందులో తెర గుండా రంగు దిగుతుంది. కటాజోమేలో స్టెన్సిల్ (నమూనా కోసిన కాగితం) గుండా దిగేది జిగురు. అది పడిన చోట బట్ట తెల్లగానే మిగులుతుంది, చుట్టూ రంగు బ్రష్‌తో పూస్తారు.

కష్టమంతా ఆ జిగురు దగ్గరే. జిగట బియ్యప్పిండి, మెత్తటి తవుడు కలిపి ముద్ద చేసి, లోపలిదాకా ఉడకాలని గారెల్లా మధ్యలో చిల్లు పెట్టి ఆవిరి మీద పెడతారు. వేడిగా ఉండగానే దంచుతూ వేడినీళ్లు, ఉప్పు, కొంచెం సున్నం కలుపుతారు. సున్నం తగలగానే ముద్ద పసుప్పచ్చగా తిరుగుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచడానికి. ముసురు రోజుల్లో తగ్గించాలి, పొడి గాలికి పెంచాలి. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో అయితే మరీ జాగ్రత్త. జిగురు పగిలిందంటే ఆ సందుల్లోంచి రంగు దిగిపోతుంది. మామూలు సోనామసూరి పిండి దీనికి పనికిరాదు.

రంగుకు ముందు బట్టకు సోయా పాలు పట్టిస్తారు, అందులోని ప్రోటీన్ రంగును పట్టుకుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయతో పాటు గేదెపాలు వాడేది రంగు పాకకుండా. పని వేరైనా, బట్టకు పాలు పట్టడం మనకు కొత్తేం కాదు.

అసలు స్టెన్సిల్ కాగితానికి మియె రాష్ట్రంలోని సుజుకా ప్రసిద్ధి. చేతికాగితం పొరల్ని పెర్సిమన్ కాయల రసంతో అతికించి పొగబెడతారు, ఇక నీళ్లలో నానినా చెక్కుచెదరదు. ఖరీదెక్కువ. మొదట్లో ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) చాలు, నా మాట వినండి.

సెరిజావా గొప్పతనం ఏమిటంటే, ఒకరు గీసి, ఒకరు కోసి, ఒకరు అద్దే పనిని మొత్తం తనే చేశారు. ఒకినావా బింగాటా అద్దకం చూసి ఇటు మళ్లిన మనిషి. 1956లో జపాన్ ప్రభుత్వం ఆయన్ని ‘సజీవ జాతీయ సంపద’గా గుర్తించింది. షిజువోకాలో ఆయన మ్యూజియం ఉంది, అటు వెళ్తే వదలకండి.

మీరు మాత్రం చేతిరుమాలంత బట్ట, ఒకే రంగుతో మొదలుపెట్టండి. రంగు ఆరాక వారమైనా ఆగి నీళ్లలో నానేయండి. రుద్దొద్దు, టెన్షన్ పడొద్దు. జిగురు దానంతటదే ఊడి వస్తుంది.