ప్రార్థన మనవి కుళాయి దగ్గరకు చేరితే

ప్రశ్న: అక్కయ్యగారికి ప్రభువు పేరిట వందనములు. ఇరవై ఏళ్లుగా మా సంఘంలోని స్త్రీల సమాజానికి వెళ్తున్నాను. మొన్న వేసవిలో గురువారం కూడికలో మా వారి తాగుడు గురించి చెప్పుకుని, ప్రార్థన చేయమని కోరాను. ఆదివారం నాటికి ఆ మాట మా అమ్మాయి చెవిన పడింది, అదీ వీధి కుళాయి దగ్గర. అప్పటి నుండి ఇంట్లోనే వాక్యం చదువుకుంటున్నాను. కూడికకు వెళ్లకపోతే ఆత్మీయంగా వెనకబడిపోతానా?
– ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: సోదరీ, ఇందులో మీ తప్పేమీ లేదు. “ఫలానా ఆమె కోసం ప్రార్థించండమ్మా” అని మొదలై, “ఎందుకంటే...” అనేసరికి చాడీగా మారిపోయే మాటలను మన కూడికల్లో ఎన్నోసార్లు విన్నాను, నా నోటి నుండి కూడా ఒకటి రెండు వచ్చాయని ఒప్పుకోవాలి.

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 2వ వచనంలో ఒకరి భారాలు ఒకరు మోయాలని చెప్పిన పౌలు, 5వ వచనానికి వచ్చేసరికి ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. గ్రీకు మూలంలో ఇవి వేర్వేరు మాటలు: మొదటిది మనిషిని కుంగదీసే మోత, రెండవది ఎవరి భుజాన వారు వేసుకునే మూట. రోజూ వాక్యం చదివి మోకరించడం ఆ మూటలాంటిది, దాన్ని మీరు ఇంట్లో చక్కగానే మోస్తున్నారు కనుక వెనకబడతారన్న భయం వద్దు. భర్త తాగుడు మాత్రం ఆ మొదటి రకం మోత. దానికి ఇంకొకరి భుజం కావాలి.

అయితే ఎంతమంది భుజాలు? లూకా సువార్త మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. గర్భవతియైన ఎలీసబెతు ఐదు నెలలు ఎవరి కంటా పడకుండా ఉంది. ఆమె బంధువు, యేసు తల్లి కాబోయే మరియ, తన గర్భం సంగతి నజరేతులో అందరికీ చెప్పుకున్నట్లు ఎక్కడా లేదు. కొండసీమలోని ఎలీసబెతు ఇంటికి, ఆ ఒక్క ఇంటికే త్వరగా వెళ్లి, దాదాపు మూడు నెలలు అక్కడే ఉంది. మీ సమాజంలో కూడా, ఇతరుల సంగతులు మీ దగ్గర ఎన్నడూ ఎత్తని ఒక పెద్దావిడ ఉండే ఉంటారు. వివరాలన్నీ ఆమెకే చెప్పండి. కూడికలో “మా ఇంటి కోసం” అన్న మూడు మాటలు చాలు, వివరం తెలియకపోతే దేవుడు వినడని ఎవరూ అనలేరు కదా. ఇంట్లో దెబ్బల దాకా వస్తే మాత్రం ప్రార్థనతో పాటు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు కూడా ఫోన్ చేయండి.

మాట బయట పెట్టిన ఆమె ఎవరో తెలిస్తే, నలుగురిలో కాకుండా విడిగా అడగండి. ఫిలిప్పీలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు పరిచారకురాళ్లకు పొసగనప్పుడు పౌలు మూడో మనిషిని సాయం చేయమన్నాడు; కాబట్టి సమాజం అధ్యక్షురాలిని వెంటబెట్టుకుని వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. మనవులు గది దాటకూడదన్న నియమాన్ని ప్రతి కూడిక మొదట్లోనే చదివించమని ఆమెను కోరండి.

1912లో బిషప్ అయిన అజరయ్యగారి కాలంలో డోర్నకల్ ప్రాంతపు స్త్రీలు వంటకు తీసిన బియ్యంలో నుండి పిడికెడు పక్కన పెట్టి గుడికి తెచ్చేవారు. కుండలో పడ్డాక ఎవరి పిడికెడు ఏదో చెప్పగలమా? మీ మనవి కూడా అలాగే కలిసిపోవాలి. వచ్చే గురువారం వెనక వరుసలోనైనా వెళ్లి కూర్చోండి, కావాలంటే ఆ రోజుకు నోరు విప్పకండి.