జీటీఐ ఇప్పుడా, పది నెలల తర్వాతా? రీమ్యాప్‌కి అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 29, ఒక్కడినే ఉంటాను, ఉద్యోగం స్థిరంగానే ఉంది. ఆఫీసుకి రానూపోనూ 70 కిలోమీటర్లు. ఇప్పుడు ఒక పాత చిన్న కారులో వెళ్ళొస్తున్నాను, దాని మీద అప్పేమీ లేదు. ఎప్పటినుంచో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ మీద మనసు. 90,000 కిలోమీటర్లు తిరిగిన ఏడో తరం జీటీఐ, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌ది, ఒకటి దొరికింది. దాచుకున్న డబ్బు దాదాపు అంతా కట్టేసి, తగ్గింది అప్పు తీసుకుని, మాడిఫికేషన్ ఖర్చు కూడా అందులోనే కలిపేద్దామనుకుంటున్నాను. ఐదేళ్ళు, 7 శాతం ఫ్లాట్ వడ్డీ. స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం), డౌన్‌పైప్ (టర్బో నుంచి వెళ్ళే ఎగ్జాస్ట్ గొట్టం), కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే సస్పెన్షన్), 19 అంగుళాల అలాయ్‌లు నా లిస్టు. పాత కారు అమ్మేసి ఆ డబ్బుతో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కట్టేస్తాను. ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీ కూడా ఒకటి తక్కువలో వస్తోంది కానీ మనసు పూర్తిగా ఒప్పుకోవట్లేదు. శనివారం జీటీఐ చూడటానికి వెళ్తున్నాను. ఈఎంఐ సులువుగానే కట్టగలను. చెప్పండి, తప్పు చేస్తున్నానా?

జవాబు: కారు కొనడం తప్పు కాదు. కార్లంటే పిచ్చి ఉన్నవాళ్ళకి "ఆ డబ్బు పెట్టుబడి పెట్టుంటే ఇరవై ఏళ్ళకి ఇంత అయ్యేది" అని లెక్కలు చూపించి మూడ్ పాడుచేసే అలవాటు నాకు లేదు. మీరు సంపాదించుకున్న డబ్బు, మీకు నచ్చిన కారు. కానీ మీరు రాసిన ప్లాన్ మాత్రం బాగాలేదు, అందులో నాకు అన్నిటికంటే నచ్చనిది కారు ధర కూడా కాదు, కొన్న మర్నాడు మీ బ్యాంకులో ఏం మిగులుతుందన్నది.

మీరు పంపిన అంకెలన్నీ, మీ చేతికొచ్చే నెల జీతం 100 అనుకుని మార్చి రాస్తున్నాను, చదివే మిగతావాళ్ళు కూడా తమ లెక్క తాము వేసుకోవచ్చు. నెల ఖర్చులు 55, పెట్టుబడులకి వెళ్ళేది 15, మిగులు 30. దాచుకున్నది 420. జీటీఐ ధర 700. మీరు 400 కట్టి, కారుకి 300, మాడిఫికేషన్‌కి 150, కలిపి 450 అప్పు తీసుకుంటారు. ఈఎంఐ సుమారు 10 పడుతుంది. ముప్ఫై మిగులుతున్న మనిషికి పది ఈఎంఐ పెద్ద లెక్కేం కాదు, మీకు ధైర్యం వచ్చింది అక్కడే. కానీ బ్యాంకులో మిగిలేది 20. అంటే మీ ఇంటి ఖర్చుకి పదకొండు రోజులు. ఆ ఇరవైతోనే ఎనిమిదేళ్ళు దాటిన, తొంభై వేల కిలోమీటర్లు తిరిగిన, ఇంతకుముందు ఎవరు ఎలా తొక్కారో తెలియని ఒక టర్బో కారుకి వచ్చే ఖర్చులన్నీ కాయాలి.

ముందు ఆ 7 శాతం సంగతి చూద్దాం. ఫ్లాట్ వడ్డీ అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే అరవై నెలలూ వేస్తారు. 450కి ఏడాదికి 7 శాతం, ఐదేళ్ళకి 35 శాతం, అంటే 157 పైచిలుకు వడ్డీ, మీ నెలన్నర జీతం. తగ్గే బాకీ మీద లెక్కవేస్తే ఇది 12.5 శాతం వడ్డీతో సమానం. అప్పిచ్చేవాళ్ళు మొదటే పన్నెండున్నర అని చెప్పి ఉంటే మీరు కాసేపు ఆగి ఆలోచించేవారు, ఏడు అనేసరికి చవకగా అనిపించింది. మాడిఫికేషన్ వాటా విడిగా తీస్తే ఇంకా చేదుగా ఉంటుంది: 150 విలువ చేసే సామానుకి మీరు 202 కడతారు, రేపు కారు అమ్మేటప్పుడు ఆ సామానుకి కొనేవాడు ఇచ్చేది అందులో చిన్న ముక్క, చాలాసార్లు సున్నా, కొన్నిసార్లు సున్నా కంటే తక్కువ కూడా, ఎందుకంటే రీమ్యాప్ చేసిన కారు అనగానే వెనక్కి వెళ్ళిపోయే కొనుగోలుదారులే ఎక్కువ.

ఇక కిలోమీటర్లు. రోజుకి 70, నెలకి 22 రోజులు, ఏడాదికి 18,500 దగ్గర. ఐదేళ్ళ అప్పు తీరేసరికి ఈ కారు మరో 92,000 తిరిగి లక్షా ఎనభై వేలు దాటి ఉంటుంది. ఈ దారిలో ఏమేం వస్తాయో ముందే చెప్పొచ్చు, ఇదేం జాతకం కాదు. డీఎస్‌జీ గేర్‌బాక్స్, తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండేది) ఉన్న ఆరు గేర్ల రకం, ప్రతి 60,000 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మీరు చూసిన కారుకి ఆ మొదటి మార్పు జరిగిందా లేదా అన్నది బిల్లు మీద కనిపించాలి, నోటి మాట చాలదు. ఈ ఇంజిన్‌లో వాటర్ పంప్, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ కారడం అందరికీ తెలిసిన జబ్బే. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వ్‌లని కడిగేది ఏదీ ఉండదు కాబట్టి వాటి మీద మసి పేరుకుంటుంది. పోర్ట్‌లో, అంటే ఆ వాల్వ్‌ల ముందున్న గాలి దారిలో, కూడా ఇంజెక్టర్లు ఉన్న రకాలు ఉన్నాయి కానీ అది అమ్మిన దేశాన్ని బట్టి మారుతుంది, కనుక్కోండి. డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఒరిజినల్‌వే అయితే ఈపాటికి అలిసిపోయి ఉంటాయి. ముందు టైర్లు, హుషారుగా నడిపితే, పాతిక ముప్ఫై వేల కిలోమీటర్లకి అయిపోతాయి, అంటే మీ వాడకానికి ఏడాదిన్నరకోసారి ఒక జత. పెట్రోల్ కూడా లెక్కలో వేసుకోండి, మీ చిన్న కారు కంటే వంద కిలోమీటర్లకి మూడు లీటర్లు ఎక్కువ తాగుతుందనుకున్నా నెలకి 46 లీటర్లు అదనం, రీమ్యాప్ అయ్యాక ఎక్కువ ఆక్టేన్‌ది పోయించాలి.

రోజూ నడిపే కారు కాబట్టి ఇంకో ఖర్చు ఉంది, దాన్ని ఎవరూ బడ్జెట్‌లో రాయరు. వారాంతం కారు అయితే పార్టు కోసం పది రోజులు గ్యారేజీలో పడి ఉన్నా నష్టం లేదు. మీకు సోమవారం పొద్దున ఆఫీసు ఉంది. మాడిఫికేషన్ ఒక్కసారి బిగించి వచ్చేస్తే అయిపోయే పని కూడా కాదు, కాయిలోవర్లు వేశాక ఎత్తు సర్దాలి, అలైన్‌మెంట్ చేయించాలి, ఎక్కడో ఒక చప్పుడు మొదలవుతుంది, దానికోసం మళ్ళీ వెళ్ళాలి. అందుకే పాత కారు అమ్మొద్దు అంటున్నాను. కనీసం ఆరు నెలలు ఉంచుకోండి. పార్కింగ్ స్థలం లేకపోతే వేరే సంగతి, కానీ స్థలం ఉంటే మాత్రం, మీరు దాన్ని అమ్మితే వచ్చే 60 కంటే అది గుమ్మం ముందు నిలబడి ఉండటం విలువైనది. కొత్తగా కొన్న కారు అసలు గుణం ఆ ఆరు నెలల్లో బయటపడుతుంది. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్‌కి అనుకున్న ఆ 60 ఎక్కడినుంచి వస్తుందంటే, రెండు నెలల మిగులు. కింద చెప్పే రెండు దారుల్లోనూ ఈ రెండు నెలలు అదనం, అంతవరకు ఆగండి.

మీ ముందు రెండు దారులున్నాయి, రెంటికీ రూల్ ఒకటే. మూడు నెలల ఖర్చు, మీకైతే 165, ముట్టుకోకూడదు. కారు ధరలో పదో వంతు వెంటనే చేయించాల్సిన సర్వీసు కోసం విడిగా పెట్టాలి. ఆ రెండూ తీశాకే డౌన్ పేమెంట్. అప్పు మూడేళ్ళు, అంతకు మించి వద్దు, మాడిఫికేషన్‌కి అప్పు అసలే వద్దు.

మొదటి దారి ఫియెస్టా ఎస్‌టీ. మీరు రాసిన ధర 450. మీ 420లో 165 పక్కన, 45 సర్వీసుకి, 210 డౌన్ పేమెంట్, అప్పు 240. అదే 12.5 శాతానికి తీసుకున్నా మూడేళ్ళకి ఈఎంఐ 8, మొత్తం వడ్డీ 49. మీ అసలు ప్లాన్‌లో వడ్డీ 157 అని గుర్తుంది కదా. 2013 నుంచి 2017 దాకా వచ్చిన ఆ 1.6 టర్బో కారు 182 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), మాన్యువల్ మాత్రమే, జీటీఐ కంటే దాదాపు రెండు క్వింటాళ్ళు తేలిక. నిజం చెప్పాలంటే స్టాక్‌గా, అంటే ఏ మార్పూ చేయకుండా, ఉన్నా చాలా సరదాగా ఉండే కారు. సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, రోజుకి 70 కిలోమీటర్లు దాంతో పడగలరో లేదో ఒకసారి గంటసేపు నడిపి చూడండి, ఐదు నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్, మార్చాల్సిన ఏళ్ళు, కిలోమీటర్లు రెండిట్లో ఏది ముందొస్తే అది, సర్వీసు పుస్తకంలో చూడండి.

రెండో దారి జీటీఐయే, కాకపోతే ఇప్పుడు కాదు. ఆ మిగులు 30 పది నెలలు కదలకుండా దాచండి, 420 కాస్తా 720 అవుతుంది. 165 పక్కన, 70 సర్వీసుకి, 485 డౌన్ పేమెంట్, అప్పు 215, మూడేళ్ళకి ఈఎంఐ 7 చిల్లర. అదే కారు, సగానికంటే తక్కువ అప్పు, ఆగిన నెలలు కలుపుకున్నా దాదాపు ఏడాది ముందే విముక్తి. ఈ కారు అమ్ముడైపోతుందేమో అంటారా, అయిపోనివ్వండి. ఏడో తరం జీటీఐలు 2013 నుంచి ఏళ్ళ తరబడి వచ్చాయి, ఇంకోటి దొరుకుతుంది, పది నెలల్లో దాని వయసు కూడా పెరుగుతుంది. నా ఓటు అడిగితే ఇదే. ఫియెస్టా కొనుక్కుని ఏడాది తిరగకుండా జీటీఐ కోసం దాన్ని అమ్మే రకంలా కనిపిస్తున్నారు మీరు, అలా రెండుసార్లు కొని ఒకసారి అమ్మే ఖర్చు కంటే ఆగడమే చవక.

మాడిఫికేషన్ ఎలా అంటే, కారు వచ్చిన నెల నుంచి 8 ఒక విడి ఖాతాలో వేస్తూ ఉండండి. సర్వీసులు, టైర్లు, రిపేర్లు అన్నీ అందులోంచే. ఆ ఖాతాలో ఎప్పుడూ 40 నిలవుండాలి, దానికి పైన ఉన్నది మీ ఇష్టం, ఏ పార్టు కొన్నా నేనడగను. దీనివల్ల ఒక లాభం ఉంది: కారు బాగుంటే రీమ్యాప్ తొందరగా వస్తుంది, కారు ఏడిపిస్తుంటే రీమ్యాప్ దానంతటదే వాయిదా పడుతుంది. ఏడిపించే కారుకి పవర్ పెంచడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటే కదా.

మీ లిస్టు వరస మాత్రం మారుస్తాను. ముందు మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, అలైన్‌మెంట్. వీటికి అయ్యే ఖర్చులో చాలావరకు ఎలాగూ మెయింటెనెన్స్ కింద పెట్టాల్సిందే, రోడ్డు మీద తేడా మాత్రం మొదటి మలుపులోనే తెలుస్తుంది. డాంపర్లు మార్చే సమయం వచ్చినప్పుడు కాయిలోవర్ల గురించి ఆలోచించండి, అప్పటిదాకా వద్దు. రీమ్యాప్ ఆ తర్వాత. ఈ ఇంజిన్ 220 నుంచి 300 పీఎస్ దగ్గరికి వెళ్తుంది, పెట్టిన డబ్బుకి ఇంత పవర్ ఇచ్చే పని ఇంకోటి లేదు, ఒప్పుకుంటాను. (1976లో అమ్మకానికొచ్చిన మొట్టమొదటి జీటీఐకి 110 పీఎస్ ఉండేది, మీరు చూసినది రీమ్యాప్ లేకుండానే దానికి రెట్టింపు, ఆ సంగతి కూడా ఒకసారి తలుచుకోండి.) 19 అంగుళాల అలాయ్‌లు కొట్టేస్తున్నాను. రోజూ నడిపే కారుకి టైరు గోడ అంత పలచనైతే ప్రతి గుంతా ఒక బిల్లే. డౌన్‌పైప్ కూడా వద్దు, దాంతోపాటు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే భాగం) తీసేసిన కారు చాలా దేశాల్లో పొగ పరీక్ష పాసవదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఏది మార్చినా తీసిన ఒరిజినల్ పార్టులు అటక మీద భద్రంగా పెట్టండి, అమ్మే రోజున తిరిగి బిగించి, మాడిఫికేషన్ పార్టులు విడిగా అమ్ముకుంటే కాస్తయినా వెనక్కొస్తుంది.

ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రతి మార్పూ చెప్పాలి. ప్రీమియం పెరుగుతుందని చాలామంది దాచేస్తారు, ప్రమాదం జరిగాక సర్వేయర్ వచ్చి చూసినప్పుడు అది బయటపడితే క్లెయిమ్ మొత్తం పోవచ్చు. అప్పు మీద కొన్న కారు అయితే కారు పోయినా ఈఎంఐలు మాత్రం నడుస్తూనే ఉంటాయి.

శనివారం వెళ్ళడం మానొద్దు, చూస్తే నేర్చుకుంటారు. కానీ టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే డబ్బు జేబులో పెట్టుకెళ్ళకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలని అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి, మీరు వెళ్ళేసరికి వేడిగా ఉంటే ఎందుకని అడగండి. కూలెంట్ లెవెల్ చూడండి. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవా, అరుగుదల సమంగా ఉందా చూడండి, ఖరీదైన కారుకి నాలుగు రకాల చవక టైర్లు వేసినవాడు ఆయిల్ కూడా అలాగే పోసి ఉంటాడు. ఇంతకుముందు రీమ్యాప్ చేసి తీసేశారా అని సూటిగా అడగండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు డీలర్ల రికార్డుల్లో, రీమ్యాప్ చేసిన కారు అని చెప్పే టీడీ1 అనే గుర్తు పడి ఉండొచ్చు, డీలర్ దగ్గర కనుక్కోవచ్చు. అన్నీ నచ్చినా, మీ తరఫున డబ్బు తీసుకుని చూసే మెకానిక్ ఒకరు స్కానర్ పెట్టి, లిఫ్ట్ మీద ఎత్తి చూశాకే ధర మాట. ఆయన ఫీజు ఎక్కువనిపిస్తే 700 పక్కన పెట్టి చూడండి. ఇన్సూరెన్స్ కోట్ మాత్రం శుక్రవారమే తీసుకోండి, స్టాక్ కారుకి ఒకటి, రీమ్యాప్ చేసిన కారుకి ఒకటి.