తోట ఆయన కోరిక, చాకిరీ నాది... ఏం చేయమంటారు?

ప్రశ్న: నాకు 40 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ల క్రితం మా వారు పెరడంతా తవ్వించి కూరగాయలు వేద్దామన్నారు. మందులు కొట్టని కూరగాయలు తినొచ్చని ఇంట్లో అందరం సరదాపడ్డాం. మొదటి పంట బాగా వచ్చింది. తర్వాత ఆయనకు పని పెరిగి వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండడం లేదు. నీళ్లు, కలుపు, పురుగులు అన్నీ నా నెత్తిన పడ్డాయి. మామయ్యగారు ఒకప్పుడు సొంత పొలం చేసినవారు. రోజూ వచ్చి 'పాదు ఇలాగా చేసేది?' అంటారు. ఆడుకునే చోటంతా మడులు చేసేశారని 13 ఏళ్ల మా అమ్మాయికి కోపం. కంపోస్టు వాసన భరించలేకపోతున్నామని పక్కింటివాళ్ల గొడవ. ఇంత చేసినా, ఒక్క మొక్క వాడితే 'కాస్త నీళ్లు పోయలేకపోయావా' అని మా వారు నొచ్చుకుంటారు. అన్నీ పీకేసి గచ్చు చేయించేద్దామనిపిస్తోంది. అలా అనుకుంటే మళ్లీ బాధగా ఉంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: పీకేయాలనిపిస్తోందని రాసి, ఆ వెంటనే బాధగా ఉంటోందన్నారు. తోటంటే ఇష్టం లేనివాళ్లకు ఆ బాధ ఉండదు. మీ విసుగంతా అడక్కుండా మీ మీదికి వచ్చిపడిన పని మీద, ఆ పనికి గుర్తింపు లేకపోవడం మీద. నీళ్లు పోసిన రోజులు ఎవరి కంటా పడవు. పోయని ఒక్క పూట మాత్రం ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

పెరట్లో సేద్యం మొదలుపెట్టే చాలా ఇళ్లలో ఇదే తంతు. ఏ మొక్కలు వేయాలో గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఎవరు నీళ్లు పోయాలి, వాళ్లు ఊరెళితే ఎవరు చూడాలి అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. అలా వదిలేసిన పని చివరికి మొక్క ఎండిపోతుంటే చూడలేనివాళ్ల చేతికే వస్తుంది. మీ ఇంట్లో ఆ మనిషి మీరయ్యారు.

గచ్చు వద్దు. తోటను తగ్గించండి. పెరడు ఎంతుందో చూసి తోట వేస్తే మీలాగే అవస్థపడాల్సి వస్తుంది. ఇంట్లో ఎన్ని చేతులున్నాయి, వాటికి వారంలో ఎన్ని గంటల తీరిక ఉంది అన్నదే లెక్క. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోట రెండు మూడు మడులు ఉంచుకోండి, చాలు. వెడల్పు నాలుగడుగులు దాటకపోతే రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యదాకా అందుతుంది, లోపల కాలు పెట్టి మట్టిని తొక్కే పని ఉండదు. మొక్కల మధ్య ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరవండి. తేమ నిలుస్తుంది, కలుపూ తగ్గుతుంది. వీలైతే టైమర్ ఉన్న డ్రిప్ పెట్టించుకోండి. మీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ మాటలు పడుతున్నది ఈ నీళ్ల పనే కాబట్టి, ముందు దాన్ని మనుషుల చేతుల్లోంచి తప్పించడం మంచిది.

ఇక మీ వారితో మాట్లాడటం. ఊరి నుంచి వచ్చీరాగానే, వాడిన మొక్కను ఆయన చూస్తున్న క్షణంలో మాత్రం మొదలుపెట్టకండి. ఆ సమయంలో మీరేం చెప్పినా సాకులానే వినిపిస్తుంది. సెలవు రోజు సాయంత్రం ఆయనను తోటలోకి తీసుకెళ్లి, ఒక్కో మడి దగ్గరా ఆగి, ఇక్కడ వారంలో నేను చేసేది ఇదీ అని చూపించండి. బెండ మొక్క ఆకు తిప్పి కింద పట్టిన పేనుబంక (రసం పీల్చే సన్నటి పురుగులు) చూపించండి. దాన్ని కడగడానికి ఎంతసేపు పడుతుందో అక్కడే చెప్పండి. ఆ తర్వాత ఇలా అనొచ్చు: 'నాకూ ఈ తోట ఇష్టమే. కానీ ఇంత తోట నేనొక్కదాన్నీ చూసుకోలేను. మనం ఎంత చేయగలమో అంతే ఉంచుకుందాం.' 'నువ్వెప్పుడూ ఇంతే' అన్న మాట రానివ్వకండి. అది వచ్చిందంటే మాట తోట దాటి పాత గొడవల్లోకి వెళ్లిపోతుంది.

ఆయన వైపు నుంచీ కాస్త ఆలోచించండి. ఇష్టపడి మొదలుపెట్టిన పనికి దూరమైపోయానన్న బాధ ఆయనలో ఉండి ఉండొచ్చు. మీ మీద చూపించే చిరాకులో కొంత అదే కావచ్చు. అయినా మిమ్మల్ని మాటనడం సరికాదు, ఆ సంగతి ఆయనకు తెలియాలి. నాలుగు రోజులు ఊళ్లో లేకపోయినా మిగతా మూడు రోజుల్లో చేయదగ్గవి చాలా ఉన్నాయి. కలుపు తీయడం, ఎరువు వేయడం, పందిరి కట్టడం, కంపోస్టు తిరగేయడం ఆయనవి. ఇవి నేను చూస్తానని ఆయన నోటితోనే చెప్పాలి.

మామయ్యగారి సంగతి రాసింది రెండు ముక్కలే అయినా నాకు అక్కడే ఎక్కువ ఆలోచన కలిగింది. ఒకప్పుడు పొలంలో ఆయన మాటే చెల్లి ఉంటుంది. ఇప్పుడు కొడుకు తోటలో పక్కన నిలబడి చూడటమే మిగిలింది. తప్పులు పట్టడం తప్ప ఆయనకు అక్కడ పనేముంది? ఒక మడి పూర్తిగా ఆయనకు అప్పగించండి. విత్తనం ఏది, పాదు ఎలా, కోత ఎప్పుడు, అన్నీ ఆయన ఇష్టం. టమాటా, వంగ నారు పోయడం కూడా ఆయన చేతిలో పెట్టండి. అందులో ఆయనకున్న చెయ్యి మీ దంపతులకు ఇప్పట్లో రాదు. మోకాళ్లు సహకరించకపోతే నడుమెత్తున ఒక తొట్టె కట్టించండి. పురుగు కనబడగానే మందు కొడదామని ఆయన పట్టుబట్టవచ్చు. వాదన పెట్టుకోకుండా ముందు గట్టి నీటి ధారతో కడిగి చూడండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. తొలిసారి రెండు మూడు ఆకుల మీద కొట్టి, మర్నాడు అవి మాడలేదని చూశాకే మొక్కంతా తడపండి.

మీ అమ్మాయికి చోటు తిరిగి ఇచ్చేయండి. మడులు తగ్గగానే మిగిలే స్థలం తనదేనని మీ వారే చెబితే ఇంకా బాగుంటుంది. మొక్కల పని తనకు శిక్షలా అప్పగించవద్దు. తనంతట తాను అడిగితే ఒక కుండీలో ముల్లంగి వేయించండి, త్వరగా వచ్చే రకాలు నెలలోపే చేతికొస్తాయి. అడగకపోతే ఊరుకోండి.

పక్కింటివాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తడి చెత్త ఎక్కువై, లోపలికి గాలి ఆడకపోతే కంపోస్టు కుళ్లి కంపు కొడుతుంది. బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు కలపండి. వారానికోసారి తిరగేయండి. మాంసం, పాల పదార్థాలు, నూనె అందులో వేయకండి. డబ్బాను ప్రహరీ గోడకు దూరంగా జరపండి. ఇదంతా చేశాక మీరిద్దరూ కలిసి వాళ్లింటికి వెళ్లి, ఏమేం మార్చారో చెప్పి, మళ్లీ వాసనొస్తే వెంటనే చెప్పమనండి. కుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు కూడా వారానికోసారైనా పారబోయాలి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వెచ్చని వాతావరణంలో వారం పది రోజులు చాలు.

ఇంత చెప్పినా మీ వారు తోట తగ్గించడానికి ఒప్పుకోకపోతే? అప్పుడు ఏ మడులు మీరు చూస్తారో, ఏవి చూడలేరో ముందుగానే స్పష్టంగా చెప్పి, ఆ మాట మీద నిలబడండి. ఆయన వంతు మడి ఎండినా రాత్రిపూట లేచి వెళ్లి నీళ్లు పోయకండి. మీకది చాలా కష్టమని తెలుసు. మాట్లాడుతున్నప్పుడు, ఇంట్లో మిగతా నిర్ణయాలూ ఇలాగే మిమ్మల్ని అడక్కుండా జరిగిపోతున్నాయని మీకు అనిపిస్తే, ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్‌ను కలవండి. దాన్ని తోట మాటల్లో తేల్చుకోవాలని చూడకండి.

ఇప్పుడు కాపులో ఉన్న మొక్కలను కోపంలో పీకకండి. బెండ విత్తిన 50, 60 రోజులకు కాపుకొస్తుంది, టమాటాకు నాటాక రెండు మూడు నెలలు పడుతుంది. అంత కష్టపడి పెంచింది మీరే, ఆ కాయలు మీరు తినాలి. ఈ కాపు అయ్యాక ఏ మడుల్లో మళ్లీ విత్తనం వేయకూడదో మాత్రం ఈ సెలవు రోజునే ఇద్దరూ కలిసి తేల్చుకోండి.