అన్నీ చవగ్గా చేసుకోగల దేశం బయట ఎందుకు కొనాలి?

ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో వేసిన లెక్క చూడండి. ఏడాదికి ఒక వాటా వైన్ తయారీకి పోర్చుగల్‌లో 80 మంది, ఒక వాటా బట్టకు 90 మంది కావాలి. ఇంగ్లండ్‌లో అయితే వైన్‌కు 120, బట్టకు 100. రెండింట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా బట్ట మానేసి, 80 మందితో ఇంకో వాటా వైన్ చేయించి ఇంగ్లండ్ బట్టకు మార్చుకుంటే పది మంది మిగులుతారు. వైన్‌తో తంటాలు పడే బదులు ఇంకో వాటా బట్ట నేసే ఇంగ్లండ్‌కు మిగిలేది 20 మంది.

ఇక్కడ చూడాల్సింది ఎవరికి తక్కువ మంది చాలన్నది కాదు, ఒకటి చేయడానికి రెండోది ఎంత వదులుకుంటున్నారన్నది. ఒక వాటా బట్ట కోసం పోర్చుగల్ వదులుకునే వైన్, ఒక వాటా కంటే ఎక్కువే. ఇంగ్లండ్‌కు ఆరింట ఐదు వంతులే.

ఒక్క మెలిక మాత్రం ఉంది: నేతపని పోయినవాడు మర్నాడే ద్రాక్షతోటలో కుదురుకుంటాడని ఈ లెక్క అనుకుంటుంది. ఆ మార్పుకయ్యే ఖర్చు ఇందులో లేదు.